విరగని పిన్ను

"వద్దమ్మా, విప్పించొద్దు. పాత ఇనుముకి వేసేద్దాం," అన్నాడు తండ్రి, షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని.

కూతురు వినిపించుకోలేదు. "మీరు కానివ్వండి మేస్త్రీగారూ," అంది.

మేస్త్రీ లేతు మిషను గేర్‌బాక్సు మూత ఎత్తాడు. నల్లగా చిక్కబడ్డ నూనె వంపేసి, ఒక్కో చక్రాన్నీ తీసి, కిరసనాయిలుతో కడిగి, గుడ్డ మీద వరసగా పేర్చసాగాడు. ఆమె చూస్తూ నిలబడింది. మూడు నెలలుగా ఆమెకు సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. చెయ్యాల్సిన పనులు చేసుకుపోతోంది, అంతే.

ప్రమాదం జరిగిన ఆ రోజు, నడుస్తున్న లేతులో ఇనుము చెక్కే టూలు ఆగకుండా వెళ్ళి, ముక్కని పట్టి తిప్పే చక్కుని గుద్దింది. బిగించిన ఇనప ముక్క ఎగిరొచ్చి తండ్రి కుడిచేతిని నుజ్జు చేసింది. కునుకు పట్టిందని ఆయనే చెప్పాడు. ఇంకేముంది, తమ్ముడు షెడ్డుకి తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు. లేతు ముట్టని రోజు ముద్ద దిగని మనిషి అప్పట్నుంచీ గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. తప్పు మిషనుదని తేలితే తాళంచెవి ఇచ్చేసేలా తమ్ముణ్ణి ఒప్పించేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"ఏం తేలింది?" అన్నాడు, లేతు పక్కనే కాచుకుని ఉన్న తమ్ముడు.

"మూడు చక్రాలకి పళ్ళు రాలిపోయాయి. వీటికంటే మా తాత నోరే నయం." మేస్త్రీ కొస ఇరుసు లాగి ఆగిపోయాడు. "ఇదేంటి? ఇక్కడ ఇత్తడి పిన్ను కదా ఉండాలి! ఉక్కుది దిగ్గొట్టారే?"

"ఉక్కైతే గట్టిగా ఉంటుందిగా?" అంది కూతురు.

"గట్టిగా ఉండకూడదమ్మా! టూలు దేనికైనా తగిలితే పిన్ను పుటుక్కుమనాలి, టూలు అక్కడే ఆగాలి. విరగడమే దాని పని. కునుకు పట్టినా, పట్టకపోయినా, ఇత్తడిది ఉంటే చెయ్యి దక్కేది."

తమ్ముడు తాళంచెవి బయటికి తీశాడు. "అయితే నాన్న తప్పు కాదా?"

"నలభై ఏళ్ళు లేతు మీద చేసినవాడు ఈ పని చస్తే చెయ్యడు బాబూ. ఎవరో తెలియక వేశారు."

కూతురు నోరు తెరిచింది.

"నేనే వేశాను," అన్నాడు తండ్రి.

"మీరా!" అన్నాడు మేస్త్రీ.

"వారానికి రెండుసార్లు విరుగుతోంది. ప్రతిసారీ కింద కూర్చుని మార్చాలంటే నడుం సహకరించడం లేదు. అందుకని ఉక్కు ముక్క అరగదీసి దిగ్గొట్టాను. ముసలితనం కదా, బుర్ర పనిచెయ్యలేదు." ఆయన ఎవరివైపూ చూడలేదు.

"విన్నావుగా అక్కా? ఇక జన్మలో నాన్నని మిషను దగ్గరికి రానివ్వను." తాళంచెవి మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది.

మేస్త్రీ చక్రాలు మూట కట్టుకున్నాడు. తండ్రి ఎడమచేత్తో గోడ పట్టుకుని లేచి, మెల్లగా ఇంట్లోకి నడిచాడు.

ఆ పిన్ను అరగదీసి వేసింది కూతురే.