హసీబ్ ఈగ

కొమ్మకు చిక్కిన గాలం దారం పుటుక్కున తెగింది.

అద్మిర్ తెగిన కొసను చేతిలోకి తీసుకుని చూశాడు. పోయింది మామూలు ఎర కాదు, హసీబ్ ఈగ; చేపలు పట్టడంలో పేరుమోసిన హసీబ్ పేరు మీద నడిచే, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగ. అద్మిర్ వాళ్ల నాన్న దాచి ఇచ్చినవాటిలో ఆఖరిది.

పోటీ ముగియడానికి నలభై నిమిషాలే ఉంది. ఒక్క ట్రౌట్ చేప పడితే చాలు, జాతీయ జట్టులో చోటు ఖాయం. పడకపోతే పదేళ్ల కష్టం నీళ్లపాలే. ముప్పై తొమ్మిదేళ్లొచ్చాయి, మళ్లీ పిలుస్తారన్న ఆశ లేదు.

ఎదురుగా ప్లివా నది మీద ఒక్క పూట బతికే ఈగలు రెక్కలు నిలబెట్టుకుని తేలుతున్నాయి. బండరాయి పక్కన పెద్ద ట్రౌట్ ఒకటి వాటిని తీరిగ్గా మింగుతోంది.

"ఇంకెంత టైముంది పెద్దమ్మా?"

ఒడ్డున కొలబద్ద ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలావిడ వాచీ చూసింది. పడ్డ చేపను కొలిచి రాసుకోవడం ఆవిడ పని. పొద్దుటి నుంచీ ఆ పనే తగల్లేదు.

"ముప్పై ఎనిమిది నిమిషాలు బాబూ."

అలాంటిదే ఇంకోటి కడదామని అద్మిర్ చొక్కా జేబులోంచి సామాన్ల పెట్టె తీశాడు. కొక్కెం వేళ్ల మధ్య బిగించి పసుపు పట్టుదారం చుట్టాడు. తోకకు మూడు పోచలు కట్టాడు. బూడిదరంగు పుంజు మెడ ఈకను చుట్టూ గుబురుగా తిప్పాడు. ముడి రెండుసార్లు జారింది.

ముసలావిడ దగ్గింది.

"జలుబైతే ఇంట్లో పడుకోక ఈ చలిలో ఎందుకొచ్చావ్?"

ఆవిడ తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

గాలం విసిరాడు. చేప పైకి లేచింది. ఈగను ముక్కుతో తాకబోయి, వెనక్కి తిరిగింది.

మళ్లీ విసిరాడు. మళ్లీ అంతే.

"ఈ చేపకేం రోగం! నాన్న ఇచ్చిన ఈగకి వాడి వాడి కింద ఈకలు ఊడిపోయాయి. నా ఈగకి నిండుగా పెట్టాను కూడా! అలా గుడ్లప్పగించి చూసే బదులు నోరు విప్పొచ్చుగా?"

"విప్పకూడదు బాబూ. పోటీ నియమం."

"విప్పినా నీకేం తెలుసులే. కొలబద్ద జాగ్రత్తగా చూసుకో. హసీబ్ పోయాడు, కిటుకూ ఆయనతోనే పోయింది."

"పోయిందా?" అందావిడ మెల్లగా.

ఐదు నిమిషాలు. రెండు. చేప అన్నిటినీ మింగుతోంది, అతని ఈగను తప్ప.

ఈల మోగింది.

మోకాలి లోతు నీళ్లలో అద్మిర్ అలాగే నిలబడిపోయాడు. ఏడుపొచ్చింది.

"ఇప్పుడు చెప్పొచ్చు. ఇటియ్యి," అంది ముసలావిడ.

అతని ఈగ తీసుకుని, కత్తెరతో కింది ఈకలన్నీ కత్తిరించేసింది.

"మీ నాన్న ఇచ్చినదానికి ఊడిపోలేదు బాబూ, కత్తిరించినవే. నీది నీళ్ల మీద గొంతుక్కూర్చుంది. అసలు ఈగకి పొట్ట నీళ్లకు ఆనుతుంది."

చేపకు గుచ్చుకోకుండా కొక్కెం వంపును పటకారుతో తుంచి, ఈగను వాలుకు వదిలింది.

అది బండరాయి దాకా తేలింది. ట్రౌట్ గుటుక్కున అందుకుంది.

అద్మిర్ తేరుకునేసరికి ఆవిడ కొలబద్ద చంకలో పెట్టుకుని గట్టెక్కింది. పోటీ వాళ్ల వ్యాను ఆవిణ్ని ఎక్కించుకుని కదిలిపోయింది.

పై మలుపులో పోటీ చేసిన నియాజ్ బూట్లీడ్చుకుంటూ వచ్చాడు.

"అదృష్టవంతుడివిరా! నాలుగ్గంటలు ఆవిడ పక్కన గడిపావు. ఏమడిగావు?"

"టైము," అన్నాడు అద్మిర్. "ఎవరావిడ?"

"షెఫికా పెద్దమ్మరా, హసీబ్ భార్య. ఆయన చేపలు పట్టాడే గానీ జన్మలో ఒక్క ఈగ కట్టలేదు, అన్నీ ఆవిడ చేతివే."