చల్లటి చేతులు

నర్సింగ్ చదివే పిల్లలు మా నారిన్ ఊరి ఆసుపత్రి వార్డుకి వస్తే నేను మొదట నేర్పేది, నాడి పట్టేముందు అరచేతులు రుద్దుకోమని. వాళ్ళలో బురుల్ అనే పిల్ల మాత్రం ఎప్పుడూ మరిచిపోయేది. పోయిన చలికాలం డ్యూటీ దిగి ఇంటికెళ్తూ, కనుమలో విరిగిపడ్డ మంచు కింద ఉండిపోయింది.

ఈ రాత్రి కరెంటు లేదు. కొత్తపిల్ల బెగాయిమ్ చేతులు రుద్దుకుని తొక్తోసున్ తాత కుడిచెయ్యి పట్టుకుంది.

"నీ చెయ్యి వెచ్చగా ఉందమ్మా," అన్నాడు తాత. "ఎడమచెయ్యి పట్టుకున్న పిల్లకే ఎవరూ నేర్పినట్టు లేదు. మంచుగడ్డలా ఉంది."

"అటు ఎవరూ లేరు తాతా. జ్వరంలో ఏదో అంటున్నావు," నవ్వింది బెగాయిమ్.

మంచానికి అవతల చీకటివైపు తిరిగాను. "చేతులు రుద్దుకో తల్లీ," అన్నాను.

అరచేతులు రాసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినబడింది. బెగాయిమ్ నవ్వు ఆగిపోయింది.

"పాపం, ఎంత రుద్దుకున్నా వెచ్చబడట్లేదు," అన్నాడు తాత.