విరోధికృతు పద్యాలు

"మీది ఏ ఊరు కొడుకా?"

లింబాద్రి నోటి దాకా వచ్చిన నీళ్ల గ్లాసు ఆగిపోయింది.

అడిగినాయన బుడేన్ సాహెబ్. ఆ వారమే దుబాయిలోని అల్ కుసైస్ కూలీల క్యాంపుకు, లింబాద్రి ఉండే గదిలోకి వచ్చిన ముసలి మేస్త్రి.

"నిజామాబాద్ దిక్కు చాచా."

"ఇంటిపేరు?"

"నీకెందుకు?"

ముసలాయన నవ్వి, నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు.

ఆ పూట లింబాద్రికి అన్నం సయించలేదు. షార్జా దగ్గర సజ్జాలో, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర పాస్‌పోర్టు వదిలేసి పారిపోయి వచ్చి పది నెలలైంది. కాగితాల్లేకపోయినా ఈ చిన్న కంపెనీ పనిలో పెట్టుకుంది. దొరికితే జైలు, ఆపైన ఉత్త చేతులతో ఊరు. 1983 ఎండాకాలమంతా ఆ భయంతోనే గడిచింది.

"నన్ను గూడ అడిగిండు," అన్నాడు పక్క మంచం లచ్చన్న. "ఊరు, తాత పేరు, ఇంటిపేరు. అన్నీ రాసుకున్నడు."

"గవన్నీ ఎందుకు రాస్తడే?"

"సీఐడీ కావచ్చు!"

లచ్చన్న వేళాకోళానికే అన్నాడు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే లింబాద్రి భుజాలు తడుముకున్నాడు. ఆ రోజు నుంచి జీపు చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాడు. ఒకసారి నీళ్ల ట్యాంకరు వస్తే గోడ వెనక్కి పరిగెత్తాడు.

శుక్రవారం ముసలాయన మళ్లీ పక్కన కూర్చున్నాడు.

"ఇంటిపేరొక్కటి చెప్పు కొడుకా. నీదొక్కటే మిగిలింది."

ఆ మధ్యాహ్నమే లింబాద్రి తన గడియారం తీసి ముసలాయన పెట్టెలో దూర్చాడు. పోయి క్యాంప్ బాస్‌ను పిలుచుకొచ్చాడు.

పెట్టె తెరిచారు. గడియారం దొరికింది.

"చోరీ? ఖలాస్!" అన్నాడు క్యాంప్ బాస్. "కల్ సుబహ్ ఫ్లైట్. ఘర్ జావో."

బుడేన్ సాహెబ్ తన పెట్టె మూశాడు. లింబాద్రి వైపు చూశాడు.

"మంచిది కొడుకా. ఇంటిపేరు మాత్రం చెప్పకపోతివి."

మర్నాడు పొద్దున ఆయన్ని కంపెనీ బండి ఎక్కించారు. దిండు కింద నోటుబుక్కు ఉండిపోయింది.

లింబాద్రి దాన్ని చింపబోయాడు. లచ్చన్న లాక్కున్నాడు.

"ఆగు. ఏం రాసిండో సూద్దాం."

మొదటి పేజీ పైకి చదివాడు.

"విరోధికృతు నామ సంవత్సరం కరువొచ్చి రెండు వందల ఏండ్లు కావస్తున్నది. ఆ ఏడాది చైత్రం నుంచి ఫాల్గుణం దాక మా పెద్దల్లో ఒకాయన ఊరూరు తిరిగి పద్యాలు కట్టిండు. ఊరిడిచి బతకపోయిన ఇంటికొక పద్యం. మనిషి పోయినా పేరు పోవద్దని. నాకు నోటికున్నవన్నీ ఇందుల రాసిన. ఇప్పుడు దుబాయికి బతకొచ్చినోళ్లకు నేను కడుతున్న."

శ్రావణంలో గొడ్లను అమ్ముకున్నవాళ్లు. మాఘంలో వాకిలికి ముళ్లకంప పెట్టి వెళ్లిపోయినవాళ్లు. ఊరు, ఇంటిపేరు, ఒక పద్యం.

వెనక పేజీల్లో అల్ కుసైస్ వచ్చింది. లచ్చన్న పద్యంలో ఆయన తాత కూడా ఉన్నాడు. అది లచ్చన్న రెండుసార్లు చదివాడు.

చివరిది లింబాద్రి పద్యం. జీపు చప్పుడుకు ఉలిక్కిపడతాడనీ, నిద్రలో అవ్వా అని పిలుస్తాడనీ ఉంది. ఇంటిపేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

లింబాద్రికి ఏడుపొచ్చింది. క్యాంప్ బాస్ దగ్గరికి పరిగెత్తాడు.

"సాబ్, ఘడీ మైనే రఖా! గడియారం నేనే పెట్టిన! చాచాను వాపస్ పిలువుండ్రి!"

"ఫ్లైట్ గయా."

"ఆయనది ఏ ఊరు సాబ్?"

"క్యా మాలూమ్? పాస్‌పోర్ట్ ఉస్‌కే పాస్."

గది గదీ తిరిగి అడిగాడు. అందరూ తలలు అడ్డంగా ఊపారు.

మంచం మీద కూర్చుని, ఆ ఖాళీలో తన ఇంటిపేరు రాశాడు. దాని కింద 'బుడేన్ సాహెబ్, ఊరు' అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

అందరి ఊరూ అడిగి రాసుకున్న ఆ కవిని, మీది ఏ ఊరని క్యాంపులో ఒక్కరూ అడగలేదు.