తేమ పోగా

"అరవై రెండు కిలోలు ఎక్కువుంది," అంది తూకం గుమస్తా, కాటా అంకెల మీంచి చూపు తిప్పకుండా. పనివాళ్ళంతా ఆమెను లెక్కలక్క అంటారు.

"ఎక్కువుంటే ఎవరైనా ఏడుస్తారా? తేమ అని రాసి పడెయ్," అన్నాడు మేనేజరు.

ఆ గిడ్డంగిలో పదకొండేళ్ళుగా తూకాలు రాస్తున్న ఆమెకు ఆ మాట కొత్త కాదు. తక్కువొస్తే తేమ ఆరిపోయింది, ఎక్కువొస్తే తేమ ఆరలేదు. ఇక్కడ మనుషులు చేసే ప్రతి నిర్వాకానికీ పూచీ తేమదే. సోమవారం ఇనప గాదెలోకి ఎక్కించిన మొక్కజొన్న ఎనిమిది వేల కిలోలు. తేమ నూటికి పద్దెనిమిది. నాలుగు రోజులు అడుగు నుంచి వేడిగాలి పట్టించాక, పద్నాలుగు. ఆరు చోట్ల గింజ తీసి ఆరుసార్లు చూసింది, పద్నాలుగే. ఆ లెక్కన మిగలవలసింది ఏడు వేల ఆరువందల ఇరవై ఎనిమిది. ఇనుము బరువు మినహాయించి లోపలి బరువునే చూపే కాటా, ఏడు వేల ఆరువందల తొంభై అంటోంది.

సోమవారం నుంచే ఆమె తమ్ముడు కనిపించడం లేదు.

"ఆ రోజు వాణ్ణి గాదెలోకి దింపింది మీరే కదండీ?"

"గింజ సర్దడానికి దింపాను. సర్దాడు, ఎక్కొచ్చాడు, పోయాడు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నడుముకి తాడు కట్టారా?"

"రెండు నిమిషాల పనికి తాడేంటమ్మా, వాడేమన్నా దూడా?" మేనేజరు నవ్వాడు. "సంబంధాలు చూస్తున్నారటగా. పెళ్ళికి భయపడి ఏ పట్నమో చెక్కేసుంటాడు."

"పెళ్ళంటే ఎగిరి గంతేసే రకం మావాడు. ఫోను ఇంట్లో వదిలేసి ఎక్కడికీ పోడు."

నవ్వు ఆగింది. "ఇంతకీ నీ అనుమానమేంటి? వాడి బరువెంత?"

"అరవై ఐదు."

"తేడా అరవై రెండేగా! నీ లెక్క నీకే కుదర్లేదు చూడు."

"నాలుగు రోజులు వేడిగాలి కొట్టింది కదండీ," అందామె నెమ్మదిగా. "ఆరేది గింజ ఒక్కటే కాదు."

బస్తాలు మోస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మేనేజరు వాళ్ళ వంక ఓసారి చూశాడు.

"సరే. ఎలాగూ లారీ వచ్చింది. నీ కళ్ళెదుటే ఖాళీ చేయిస్తా. ఏమీ లేకపోతే మాత్రం రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కకూడదు."

"తొక్కను."

గాదె అడుగున జానెడు నోరు తెరిచారు. మొక్కజొన్న ధారగా లారీలోకి జారింది. పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఆ ధారనే చూస్తూ నిలబడింది. చొక్కా పీలిక వస్తుందేమో, గుండీ వస్తుందేమో. గంట గడిచింది. గింజ తప్ప ఏమీ రాలేదు. ధార సన్నబడి, చినుకులై, ఆగిపోయింది. మేనేజరు కర్రతో గాదెను కొట్టాడు, ఖంగుమంది.

"విన్నావా? డొల్ల. వెళ్ళి మీవాణ్ణి పట్నంలో వెతుక్కో."

ఆమె ఉద్యోగం పోయినందుకు ఏడవాలో, తమ్ముడు బతికున్నందుకు నవ్వాలో తెలియక రెండూ చేసింది.

"పొరపాటైందండీ," అంది, పదకొండేళ్ళలో మొదటిసారి. కళ్ళు తుడుచుకుని, రిజిస్టరులో ఆఖరి సున్నా వేసి వెళ్ళిపోదామని కాటా వైపు తిరిగింది.

ఖాళీ గాదె అరవై రెండు కిలోలు తూగుతోంది.