నాలుక పరీక్ష

“నమలండి. తొక్కతో సహా,” అంది సుప్రజ, తెల్లద్రాక్ష పండొకటి మహాదేవమ్మ అరచేతిలో పెట్టి.

మహాదేవమ్మ నమిలింది. జహీరాబాద్ శివార్లలోని ఈ వైన్ తోటలో ఆమెది పన్నెండేళ్ల కొలువు. సుప్రజ రెండేళ్ల కిందట ఏలూరు నుంచి వచ్చిన కెమిస్టు. వారంగా రోజూ పొద్దున్నే ఇదే తంతు. మొన్ననే ఇద్దరు కూలీలను మానిపించారు. రుచి తప్పు చెప్తే మూడో మనిషి తనేనని మహాదేవమ్మ భయం.

“ఎలా ఉంది?”

“జర పచ్చిగుంది మేడం. మిర్చి వాసనొస్తుంది.”

సుప్రజ పుస్తకంలో రాసుకుంది. అవునని అనదు, కాదని అనదు. మహాదేవమ్మకు మండేది అక్కడే.

మొగుడంపల్లి వైపు మబ్బు కమ్ముతోంది. వాన పడితే పళ్లు పగిలిపోతాయి. తొందరపడి కోస్తే వైన్ పుల్లగా, పచ్చివాసనతో తగలడుతుంది.

“మీటర్ల తీపి మంచిగనే ఉంది గద మేడం. కోయించున్రి.”

“తీపి మీటరు చెప్తుంది, పులుపు ల్యాబు చెప్తుంది. ఈ రకానికి వాసనే ప్రాణం. తొక్క వేరు చేసి, రసాన్ని చల్లటి ట్యాంకులో పెట్టేది ఆ వాసన ఎగిరిపోకూడదనే. ఆ చివరి వరస పండు తినండి.”

మహాదేవమ్మ తినలేదు.

“నాతోని కాదు. దినాం గీ పరీక్ష ఏంది? తీసేసుడుంటే తీసెయ్యున్రి. పోయినేడు మీరే నమిలి, ఉమ్మేసి, చిటికెల చెప్పిన్రు. ఇప్పుడు నా తప్పు పట్టనీకి చూస్తున్రు.”

సుప్రజ ఫోన్ మోగింది. మేనేజర్ రాజశేఖర్. పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

“కోతా, ఆగాలా? ఏదో ఒకటి చెప్పమ్మా!”

“రెండు నిమిషాలు సార్.” ఫోన్ పెట్టేసింది. “మహాదేవమ్మా, దండం పెడతాను. ఒక్క పండు.”

“ముందుగాల మీరు తినున్రి. మీరు చెప్పినంక నేను చెప్త.”

సుప్రజ పండు నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మహాదేవమ్మ కోపం కాస్తా కంగారైపోయింది. “అంత పుల్లగుందా మేడం?”

సుప్రజ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“పోయిన వారం జ్వరమొచ్చి తగ్గినప్పట్నుంచీ నాకు ఏ వాసనా తెలియట్లేదు.”