నలభై గుంతలు

సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఆదోనిలో మెకానిక్ మెటల్ డిటెక్టర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ తొడుగు విప్పాడు. ఎండిన మట్టితో పాటు ఒక రూపాయి బిళ్ల రాలింది.

"మిషన్‌కు ఏం రోగం లేదన్నా. ఈ బిళ్ల లోపల కదిలినప్పుడల్లా కూసినాది, అంతే."

మిషన్ తెచ్చిన రైతు పెద్దయ్య బిళ్లను జేబులో వేసుకున్నాడు. తన చేనిలో నిధి ఉందని నమ్మి, ఆ కూత విని పద్దెనిమిది రోజుల్లో నలభై గుంతలు తవ్వాడు. ఒక్కదానిలోనూ ఏమీ దొరకలేదు.

రోజూ సాయంత్రం మిషన్ తొడుగు విప్పి కడిగేది భార్య తిమ్మమ్మ. పొద్దున్నే తవ్వాల్సిన చోట నిమ్మకాయ పెట్టేదీ ఆమే. నిమ్మకాయ లేనిచోట గడ్డపార దించితే నిధి జరిగిపోతుందని ఆమె చెబితే అతను నమ్మాడు.

బస్సు దిగి నేరుగా చేనికి పోయాడు. గుంతలను మొదటిసారి లెక్కగా చూశాడు. ఎనిమిది వరుసలు, వరుసకు ఐదు. గుంతకూ గుంతకూ మధ్య సరిగ్గా పదహారు అడుగులు.

తిమ్మమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. అతను బిళ్ల చూపించాడు.

"ఇది నీ పనేనా?"

"మామిడి తోట పెడదామని మూడేండ్లుగా అడుగుతాండా. నడుము నొప్పి అని ఒక్క గుంతన్నా తీసినావా? నిధి అంటానే ఆ నొప్పి యాడికి పాయ?"

గుంతలు తీసి ఉంచిన రైతులకే ఉద్యాన శాఖ వాళ్లు ఉచితంగా మొక్కలు ఇస్తారు. తిమ్మమ్మ పేరున నలభై మామిడి మొక్కలు రేపు ఉదయం తొమ్మిది గంటలకు లారీలో చేనికి వస్తాయి.