ఆస్ కట్ట

"ఇది ఆస్ కాదు."

ఉమ్ నౌరస్ కట్టలోంచి ఒక కొమ్మ లాగి పక్కన పడేసింది.

అబూ షాకిర్ మొహం చిట్లించాడు. పూలపొదలు పెంచి అమ్ముకునే మనిషి. రేపు బక్రీద్. సమాధుల మీద పెట్టడానికి డమాస్కస్ అంతా ఘుమఘుమలాడే ఆస్ పొద కొమ్మలే అడుగుతోంది. పొద్దెక్కేసరికే ఆయన పొదలు సగం బోడి అయిపోయాయి. అందుకే కట్టకి నాలుగు కంచెమొక్క కొమ్మలు కలిపాడు. రెండిటికీ ఆకు చిన్నదే, నున్ననిదే. ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు.

"ఆస్ కాక కొత్తిమీరా? కళ్ళజోడు మార్చు చెల్లెమ్మా."

"కళ్ళజోడెందుకన్నా, ఎండుందిగా." ఆమె ఒక ఆకుని ఎండకెత్తి పట్టింది. "అసలుదైతే సూదితో పొడిచినట్టు చుక్కలు మెరుస్తాయి. నీదాంట్లో ఒక్కటి చూపించు. పోనీ నలిపి చూడు. వాసనుందా?"

"బతికున్నవాళ్ళకే తేడా తెలీలేదు. పోయినవాళ్ళకి తెలుస్తుందా?"

"మా నౌరస్‌కి తెలుస్తుంది. ఆ వాసన తగిలితేనే వాడికి అమ్మొచ్చిందని తెలిసేది."

అబూ షాకిర్ కత్తెర తీసుకుని, సొంతవాళ్ళ సమాధుల కోసం దాచుకున్న పొద దగ్గరికెళ్ళాడు. పూలున్న కొమ్మలే కోశాడు. తెల్లటి పూలు, మధ్యలో దారప్పోగుల్లా కేసరాలు. ఆమె ఒక్కో కొమ్మా చూసి తలూపింది.

ఆయనకి సిగ్గేసింది.

"ఇటివ్వు, ఖబరస్తాన్ దాకా నేను మోస్తా."

"నీకు బేరాలు పోతాయన్నా."

"పోనీలే."

ఖబరస్తాన్‌లో మూడో వరస చివర ఆమె ఆగింది. చేత్తో దుమ్ము తుడిచింది. ఎండుగడ్డి పీకింది. కొమ్మలు పేర్చింది.

"వచ్చాన్రా," అంది మట్టితో.

అబూ షాకిర్ రాతి మీద అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. గతుక్కుమన్నాడు.

"చెల్లెమ్మా, లే. వేరేవాళ్ళ సమాధి దగ్గర కూర్చున్నావు. ఇందులో ఉన్నది ఎనభై ఏళ్ళ ముసలాయన."

ఆమె లేవలేదు. పక్కకి జారిన కొమ్మని సరిచేసింది.

"తెలుసన్నా, మావాణ్ణి ఏ మట్టిలో పెట్టారో పన్నెండేళ్ళుగా ఎవరూ చెప్పలేదు, అందుకే పండక్కో సమాధి చొప్పున కొమ్మలు పెట్టుకుంటూ వస్తున్నా."